పిలిచి లేపని ఇల్లు

నాకు నిద్రంటే భయం లేదు అమ్మమ్మా. నిద్ర లేవటమంటేనే భయం. ఈ మాట ఇంతవరకూ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. నీతో కూడా.

పొద్దున్నే మెలకువ వస్తుంది కదా, వెంటనే కళ్ళు తెరవను. కదలకుండా పడుకుని గుండె మీద చెయ్యేసుకుంటాను. కొట్టుకుంటోందా, దాని పాటికది కొట్టుకుంటోందా అని చూసుకుంటాను. ఆ తర్వాతే దుప్పటి తీస్తాను. నువ్వేమో ఇంత బద్ధకం ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు అంటావు.

అలా చూడకు. ముందా సూది పక్కన పెట్టు. కుర్చీ కాళ్ళకి తొడుగులు రేపైనా కుట్టుకోవచ్చు. ఉన్నవి ఇంకా చిరగనే లేదు, వాటి మీద మళ్ళీ ఇంకో వరస. మనింట్లో కుర్చీలకున్నన్ని బట్టలు నాకు లేవు.

అక్కకి కాన్పు అయింది. అందుకే కూర్చోబెట్టాను నిన్ను. ఆడపిల్ల. బావ పొద్దున మెసేజ్ పెట్టాడు. "పాప. ఇద్దరూ క్షేమం. సాయంత్రం ఇంటికి పంపేస్తారట. గొంతు మాత్రం నా బాకాకి తీసిపోదు" అని రాశాడు. పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టాడు.

నువ్వూ నవ్వు, ఫరవాలేదు. ముని మనవరాలు పుట్టింది, నవ్వకేం చేస్తావు? నాకే నవ్వు రాలేదు. ఆ రెండు ముక్కలూ చదివి ఫోను బోర్లా పెట్టేశాను. ఇంకాసేపు నవ్వి, ఆ తర్వాత నేను చెప్పేది విను. వాళ్ళు ఇల్లు చేరేలోపల నేనో ఫోన్ చేయాలి. పొద్దున్నుంచీ చేయలేకపోతున్నాను.

మన సంగతే తీసుకో. ఎంతమంది నవ్వారు మనల్ని చూసి. కాలింగ్ బెల్ లేని ఇల్లు. విజిల్ ఊడబీకిన కుక్కరు. గడియకి చుట్టిన గుడ్డ. ఫోను మోగదు, దీపం మాత్రం మిణుకు మిణుకుమంటుంది. సామాను తెచ్చేవాడు వీధిలో నిలబడి కిటికీకి చేతులూపితే తప్ప మనకి తెలియదు. ఇక ఎవర్నైనా లేపాలంటే, పిలవకూడదు. పాదం మీద చెయ్యెయ్యాలి. మెల్లగా నొక్కాలి. వాళ్ళంతట వాళ్ళు కదిలేదాకా ఆగాలి.

పక్కింటావిడ ఒకసారి అడిగింది గుర్తుందా? "ఎవరైనా పోయారా ఏంటమ్మా మీ ఇంట్లో, ఎప్పుడు చూసినా ఇంత నిశ్శబ్దం" అంది. "పోకుండా ఉండటానికే" అన్నావు నువ్వు. ఆవిడ మళ్ళీ మన గుమ్మం ఎక్కితే ఒట్టు.

నేనూ అక్కా దుప్పట్లో దూరి దాన్ని తలుచుకుని తలుచుకుని నవ్వుకునేవాళ్ళం. అమ్మమ్మకి చాదస్తం, అక్కడికి అయిపోయింది. నీకు చాదస్తమే ఉంటే బావుండేది అమ్మమ్మా. ఇప్పుడు నాకు అదే అనిపిస్తోంది.

నేనేం ఉద్యోగం చేస్తున్నానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదూ. బొమ్మలు చూపిస్తానని చెప్పి ఊరుకున్నాను. అదీ నిజమే. లోపల పెద్దపెద్ద చదువులవాళ్ళు మనుషుల రక్తం తీసుకుని అందులో రాసి ఉన్నది చదువుతుంటారు. ముందు హాల్లో, ఊరికే చూసిపోదామని వచ్చేవాళ్ళకి, లోపలేం జరుగుతోందో చెప్పే మనిషిని నేను. మొదట్లో టిక్కెట్లు చింపేదాన్ని. చెప్పేవాళ్ళు మానేసినప్పుడల్లా నేను చెప్పేదాన్ని, విని విని నోటికొచ్చేసింది. అర్థం కానివి లైబ్రరీలో కూర్చుని చదివాను. అర్థమయ్యాయో లేదో, ఎదుటివాళ్ళకి చెబుతుంటే తెలిసేది.

ఏం చెబుతానంటే, మీ ఒంట్లో కంటికి కనపడనంత చిన్న కణాలున్నాయి, ఒక్కో కణంలో మిమ్మల్ని తయారుచేసే పద్ధతంతా రాసి ఉంటుంది అంటాను. రాసింది నాలుగే అక్షరాల్లో. ఆ నాలుగే మళ్ళీ మళ్ళీ, ముందువెనకలుగా, మూడొందల కోట్ల పైచిలుకు. అలాంటివి రెండు ప్రతులు, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. పక్కనున్న మనిషికీ మీకూ వెయ్యి అక్షరాల్లో ఒకటి తేడా ఉంటే గొప్ప, మిగతాదంతా ఒకటే అంటాను. అప్పుడు ఎవరో ఒకరు లేస్తారు. "మా అత్తగారి నోరు కూడా అందులోనే రాసుందా అండీ?" అని అడుగుతారు. అందరూ నవ్వుతారు. అది అడగని రోజు లేదు. నేనూ కొత్తగా విన్నట్టు నవ్వుతాను.

కప్పులో ఎంగిలి తీసుకుని, ఉప్పు, సబ్బునీళ్ళు కలిపి, పైన చల్లటి స్పిరిట్ పోసి చూపిస్తాను. తెల్లగా దారం పోగుల్లా తేలుతుంది. ఇదిగో, మీరు ఇదే, అంటాను. పిల్లలు ఛీ అంటారు. పెద్దవాళ్ళు దగ్గరికొచ్చి చూస్తారు.

అందులో నా చావు కూడా తేలుతోందని అప్పుడు నాకేం తెలుసు?

సరే, ఆ మాట అననులే. కూర్చో. కూర్చో అమ్మమ్మా.

ఆ మధ్య మా దగ్గర సైరన్ మోగించారు. మంటలంటుకుంటే ఎలా బయటికి పోవాలో నేర్పడానికి. ముందుగా చెప్పలేదు. చెప్పి మోగిస్తే ఏం నేర్చుకుంటారని మా ఆఫీసరు వాదన. నేను హాల్లో ఆ అక్షరాలన్నీ మెట్లుగా ఉన్న పెద్ద మెలి నిచ్చెన బొమ్మ దగ్గర నిలబడి ఏదో చెబుతున్నాను. చెవి పక్కనే మోగింది. అంతే. తర్వాత చూస్తే నేల మీదున్నాను, పైన గుండ్రంగా మొహాలు. కళ్ళు తిరిగి పడ్డానట. పడటం కూడా ఆటలో భాగమే అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారట.

నీకు చెప్పలేదు. చెబితే ఉద్యోగం మాన్పించేదానివి.

డాక్టరు గుండెకి ఈసీజీ పట్టీ తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నన్ను మా దగ్గరే లోపలికి పంపాడు. అక్కడొక కౌన్సెలర్ మేడమ్ ఉంది. ఇంట్లో ఎవరికేం జబ్బులున్నాయో అడిగి, రక్తంలో ఏం వెతకాలో చెప్పడం ఆవిడ పని. అంతకు ముందు హాల్లో కనపడితే గైడమ్మా అని పలకరించేది. ఆ రోజు "మీరు" అంది. ఆ "మీరు" వినగానే ఇదేదో పెద్దదే అనుకున్నాను.

"ఇంట్లో గుండె జబ్బు ఎవరికైనా ఉందా?" అంది.

"లేదండీ."

"చిన్న వయసులో ఎవరైనా పోయారా?"

"మా మామయ్య. మా అమ్మ."

"దేనివల్ల?"

"ఉలికిపాటండీ."

"అంటే?"

"అంటే ఏముందండీ, నిద్రలో ఉండగా చప్పుడైంది. ఉలిక్కిపడ్డారు. పోయారు. మా ఇంట్లో అంతే."

అమ్మమ్మా, చెబుతున్నప్పుడు నాకేం వింతగా అనిపించలేదు తెలుసా. మా ఇంట్లో షుగర్ ఉందండీ అని ఎవరైనా చెప్పుకున్నట్టే చెప్పాను. ఆవిడ రాయడం ఆపేసింది. "ఈ సంగతి ఇంతకు ముందు ఏ డాక్టరుకైనా చెప్పారా?" అంది. "ఎవరూ అడగలేదండీ. అందరూ గుండె జబ్బనే అడిగారు" అన్నాను.

ఎవరు అడిగినా లేదనే చెప్పాం. నువ్వూ, నేనూ, అమ్మా. అబద్ధం కాదు. మన ఇంట్లో దాని పేరు అది కాదు, అంతే.

రక్తం చదివారు. మూడొందల కోట్లలో ఒక్క అక్షరం. ఒకటి ఉండాల్సిన చోట ఇంకోటుంది. అంతే తేడా. దానికి మేడమ్ ఏదో పేరు చెప్పింది, నోరు తిరగదు. నేను నీకు నాకు అర్థమైనట్టు చెబుతాను.

గుండె ఒకసారి కొట్టుకుంటుందా, మళ్ళీ కొట్టుకోవడానికి కాస్త సర్దుకోవాలి. లోపల చేరిన ఉప్పులాంటి పదార్థమేదో బయటికి పోవాలి, అప్పుడే అది మళ్ళీ సిద్ధమవుతుంది. పోవడానికి సన్నటి ద్వారాలుంటాయి. మనకి ఆ ద్వారాలు సగం మూసుకుపోయి ఉన్నాయి. మామూలప్పుడు ఏం తెలియదు. తినొచ్చు, తిరగొచ్చు, పాడుకోవచ్చు. కానీ హాయిగా నిద్రపోతున్నప్పుడు చప్పుడొకటి అయ్యిందనుకో, గుండె ఇంకా సర్దుకోకుండానే పరుగెత్తబోతుంది. అడుగు తప్పుతుంది. కొట్టుకోవడం మానేసి వణుకుతుంది.

ముఖ్యంగా మెలకువ వచ్చేటప్పుడు అంది మేడమ్. ముఖ్యంగా అలారం, ఫోన్ మోత లాంటివి అంది. ఆవిడ చెబుతున్నది ఎక్కడో ఎవరో లెక్కలు తీసి రాసిన విషయం. నేను వింటున్నది నీ గొంతు. పిలవకు, పాదం మీద చెయ్యెయ్యి. ఆగు. దాన్నే కదలనివ్వు.

వాళ్ళు చదివి కనుక్కున్నది నువ్వు ఇద్దర్ని పాతిపెట్టి కనుక్కున్నావు.

మామయ్య సంగతి నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ అక్కకి చెప్పిందట, అక్క నాకు చెప్పింది. పరీక్ష రోజు పొద్దున. ఎంతకీ లేవకపోతే పళ్ళెం తీసుకుని గరిటెతో కొట్టావట, నవ్వుతూనే కొట్టావట. మనింట్లో స్టీలు పళ్ళెం లేకపోవడం అందుకేనని నాకు తెలుసు. ఎవరింటికైనా వెళితే నువ్వు చెయ్యి కడుక్కుని ఆకలి లేదనడం కూడా అందుకే.

నీ పళ్ళెం చంపలేదు వాణ్ణి. విను. ఆ తలుపు గడియ వాడు పుట్టకముందే ఊడిపోయి ఉంది. ఏదో ఒక గాలి తోసేదే. ఆ రోజు గాలి నీ చేతిలో ఉంది. కాదని నీకు అబద్ధం చెప్పలేను, హాల్లోకి వచ్చేవాళ్ళకైతే చెప్పేదాన్నేమో.

ఆ తప్పు అక్షరం నీ నుంచి వచ్చిందా తాతయ్య నుంచా అంటావా? తెలియదు. నీ రక్తం చూస్తే తెలుస్తుంది.

వద్దా. సరే, వద్దు. నీ కళ్ళు తుడుచుకో. ఆ గుడ్డతో కాదు, సూదుంది దాన్లో.

అమ్మకి ఆ అక్షరం రెండు ప్రతుల్లో ఒకదాన్లో తప్పు, ఇంకోదాన్లో సరి. పిల్లకి ఇచ్చేది రెంటిలో ఒక్కటే. ఏది ఇస్తున్నదో ఇచ్చే మనిషికి కూడా తెలియదు. నాకు తప్పుది ఇచ్చింది. అక్కకి ఏది ఇచ్చిందో దానికే కాదు, ఇంకా ఎవరికీ తెలియదు.

తెలియదు అంటే ఏమిటో తెలుసా? బొమ్మా బొరుసూ అన్నమాట. అది పైకి విసిరి ఎన్నో ఏళ్ళయింది. ఇంకా ఎవరూ అరచెయ్యి తెరిచి చూడలేదు.

మేడమ్ ఇంకో మాట చెప్పింది. కడుపుతో ఉన్నన్నాళ్ళు కాస్త నయమట. కాన్పయ్యాకే ప్రమాదమట. ఆ కొన్ని నెలలు, నిద్ర చాలక, ఒళ్ళు అలిసి, పసిపిల్ల అర్ధాంతరంగా ఏడ్చి లేపే ఆ నెలలే మరీ చెడ్డవట. ఆవిడ అలా చెప్పుకుంటూ పోతోంది, నేను బల్ల అంచు పట్టుకున్నాను. "మీ అమ్మగారు ఎప్పుడు పోయారు?" అని అడిగింది అప్పుడు.

నేను పుట్టిన నెల తర్వాతండీ అన్నాను. మధ్యాహ్నం పడుకుంది. నేను ఏడ్చాను.

నువ్వు నాకు చెప్పింది జ్వరం అని. ఇన్నేళ్ళూ జ్వరమే అనుకున్నాను. నాన్న మనింటికి రావడం మానేసింది కూడా దుఃఖంతో అనుకున్నాను, నన్ను చూడలేక అనుకోలేదు. అసలు సంగతి ఎలా తెలిసిందో నీకు గుర్తు చేయక్కర్లేదు. నువ్వు బావ బాకాలో పాత మేజోడు కుక్కిన రోజు.

ఏమన్నా అను, అది మాత్రం నీ తప్పే. అక్క పోయి పోయి బ్యాండులో బాకా ఊదేవాణ్ణి చేసుకుంది, నిజమే. మన ఇంట్లో పుట్టి పెరిగినదానికి చప్పుడంటే ఎంత ఆకలి ఉంటుందో నీకు తెలియదు. కాలింగ్ బెల్లు పెట్టించుకుంది, పక్షి అరిచేది. రేడియో, మిక్సీ, అలారం గడియారం, అన్నీ ఒకేసారి కొనుక్కుంది. నువ్వు చూడ్డానికి వెళ్ళి గంటసేపు చెవులు మూసుకుని కూర్చున్నావు. వచ్చేముందు ఎవరూ చూడకుండా ఆ పని చేశావు. ఆ సాయంత్రం బావ వందమంది ముందు నిలబడి, బుగ్గలు పూరించి, ఊదాడు. చప్పుడు రాలేదు. మళ్ళీ ఊదాడు. చివరికి మేజోడు వచ్చింది.

నవ్వొస్తోంది కదూ. అప్పుడు నాకూ వచ్చింది. అక్క మన గుమ్మంలో నిలబడేదాకా.

"మా ఆయన్ని నవ్వులపాలు చేశావు. అంత భయమైతే నీ ముద్దుల మనవరాలి గొంతులో కుక్కాల్సింది గుడ్డ. అమ్మని లేపింది అదే కదా" అంది నీతో. నేను వెనక గదిలో బట్టలు మడతపెడుతున్నాను. నేనున్నానని దానికి తెలియదేమో. తెలిసే అందేమో. నువ్వు తలుపు మూసేశావు. చప్పుడు కాకుండా మూసేశావు. అప్పటికి కూడా.

ఏడాది దాటింది. అది మాట్లాడలేదు, మనం మాట్లాడలేదు. బావే, పాపం, పండక్కో పబ్బానికో రెండు ముక్కలు పెడతాడు.

నేను మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు గ్యాస్ మాత్రలు అనుకుంటున్నావే, అవే. గుండెని పరుగెత్తనివ్వవు. రోజూ వేసుకుంటే చాలామంది ముసలివాళ్ళయ్యేదాకా బతుకుతారట. అంత తేలిక. మామయ్యకి, అమ్మకి ఆ మాత్ర దొరకలేదు, అంతే. ఇంకా కొన్ని మందులు మనం ముట్టుకోకూడదు. వాంతులకిచ్చేవి కొన్ని, జ్వరానికిచ్చేవి కొన్ని. బాలింతకి అలాంటివి అలవోకగా రాసిచ్చేస్తారు. ముందుగా అడుగుతారు లే. గుండె జబ్బు ఏమైనా ఉందా ఇంట్లో అని అడుగుతారు.

అది ఏం చెప్పి ఉంటుంది చెప్పు?

మరి రిపోర్టు తెలిసిన రోజే ఫోన్ చేయొచ్చు కదా అని అడుగు. అడగవేం? మేడమ్ అడిగింది. రెండుసార్లు. కడుపుతో ఉంది కదండీ, భయపడుతుంది అన్నాను. మాటల్లేవండీ అన్నాను. మధ్యాహ్నాలు పడుకుంటుంది, ఫోను తలగడ పక్కనే పెట్టుకుంటుంది, నా ఫోనే మోగి ఏమన్నా అయితే అన్నాను. అవన్నీ నిజాలే. ఒక్కటీ కారణం కాదు.

మేడమ్ ఆ రోజు "మీ అక్కకి ఉండొచ్చు, ఉండకపోవచ్చు" అంది. ఆ ఉండకపోవచ్చు అన్న మాట నాకు నచ్చలేదు అమ్మమ్మా. మంచి గుండె దానికి, ఈ గుండె నాకు. దానికి బాకాలూ బెల్లులూ, నాకు గుడ్డ చుట్టిన గడియలు. అమ్మని లేపిందాన్ని నేను, అమ్మ ఒళ్ళో ఏడేళ్ళు పడుకున్నది అది. దానికీ ఉండాలి అనుకున్నాను. మేడమ్ ముందు కూర్చుని, తల ఊపుతూ, అదే అనుకున్నాను. ఉంటే అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను.

ఏం తెలియాలి? చచ్చిపోతే ఏం తెలుస్తుంది ఎవరికైనా?

ఒక క్షణమే అనుకున్నానని చెప్పుకోవచ్చు. క్షణం కాదు. ఆ ఆలోచనతోనే తిరిగాను ఇన్నాళ్ళూ. పని చేసుకున్నాను, జోకులకి నవ్వాను. పొద్దున ఆ మెసేజ్ చూసేదాకా. గొంతు బాకాకి తీసిపోదు అని రాశాడు చూడు, దాంతో పోయింది నా అసూయంతా. ఆ పాప పక్కలో పడుకుని ఉంటుంది. అక్క అలిసిపోయి నిద్రపోతుంటుంది. పాపకి ఆకలేస్తుంది. దానికేం తెలుసు? నాకేం తెలుసు అప్పుడు?

ఆ పాప కూడా నాలాగే పెరుగుతుంది. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు గుమ్మంలో నిలబడి దాని గురించీ ఆ మాటే అంటారు.

వద్దంటావేంటి? పచ్చి బాలింత, బెదరగొట్టొద్దంటావు. బెదరకూడదనే కదా నువ్వు మమ్మల్ని పెంచింది. చప్పుడు తీసేశావు, కారణం కూడా తీసేశావు. కారణం చెప్పి ఉంటే అది ఆ బాకాల కొంపలో కూడా పాదం నొక్కించుకునే లేచేది. నిన్ను తప్పుపట్టడం లేదు. నీకూ తెలియదు. తెలిసిన నేనే నోరు మూసుకున్నాను.

బావకి చేస్తాను, ముందు ఫోను మోత ఆపి పెట్టుకోమని మెసేజ్ పెట్టి. ఆసుపత్రి గదిలోనే ఉంటాడు. అక్క మెలకువగా ఉందా అని ముందు అడుగుతాను. లేకపోతే ఆగుతాను, లైన్లోనే ఉంటాను, పాపని ఎత్తుకుని వరండాలోకి పొమ్మంటాను. మెలకువగా ఉంటే దాని చేతికిమ్మంటాను. మందుంది అని మొదట చెబుతాను. తర్వాత మిగతాది. అక్కడే, ఇంటికి పోకముందే, గుండెకి పట్టీ తీయించుకో అంటాను. పాపకి కూడా. గుండె జబ్బు లేదని చెప్పి ఉంటావు, ఉందని చెప్పు అంటాను.

తిడుతుంది. ఫోను పెట్టేస్తుంది, మళ్ళీ చేస్తాను. అమ్మని చంపినదానివి నాకు చెప్పొచ్చావా అంటుంది. అననీ. అనాలంటే అది ఉండాలి కదా, నాకంతకన్నా అక్కర్లేదు.

ఆ ఫోనిలా ఇవ్వు అమ్మమ్మా.